కట్టెలమ్మని భిక్షపతి

కట్టెల అడితి పెట్టుకుని కట్టెలు అమ్మనని కూర్చున్న మనిషి సిద్దిపేట మొత్తం మీద ఒక్కడే ఉండేవాడు. అతని పేరు భిక్షపతి. అమ్మకపోవడానికి కారణం పిసినారితనం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. కట్టె పచ్చిగా ఉందని, అంతే. కట్టె అన్నాక కాస్త పచ్చి ఉండదా అని ఎవరైనా నచ్చజెప్పబోతే, “పాలన్నంక జెర్రన్ని నీళ్లుండయా అని మీ పాలోన్ని అట్లనే ఇడిసిపెడ్తవా?” అని ఎదురడిగేవాడు. అడిగినవాడు నోరు మూసుకుని ఇంకో అడితికి పోయేవాడు. పోయేవాణ్ని భిక్షపతి చాలా జాలిగా చూసేవాడు, పాపం వీడి ఇంట్లో ఇవాళ పొగే కదా అని.

కట్టె ఎండిందా లేదా అని తేల్చడానికి అతనికొక పద్ధతి ఉండేది. రెండు కట్టెలు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒకదానితో ఒకటి కొట్టేవాడు. ‘టంగు’మంటే ఎండినట్టు. ‘దబ్బు’మంటే పచ్చి. టంగుకూ దబ్బుకూ మధ్య ఇంకా చాలా చప్పుళ్లు ఉన్నాయని అతను గట్టిగా నమ్మేవాడు. అవి అతనికి తప్ప ఈ లోకంలో ఎవరికీ వినబడలేదు.

బస్సులు ఆగే చోట చాయ్ హోటల్ నడిపే బుచ్చయ్యకు, ఇతనికి రోజూ ఇదే యుద్ధం.

“భిక్షపతన్నా, ఒక మోపు కట్టెలియ్యే. పొయ్యి సల్లారిపోతున్నది.”

భిక్షపతి రెండు కట్టెలు తీసి కొట్టేవాడు. కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపేవాడు.

“ఇంక పచ్చిగనే ఉన్నయి. దసరకు రా.”

“దసరకా! నాకు గిరాకీ ఇయ్యాలున్నదే! చాయ్ అడిగినోళ్లను దసరదాక కూసోమంటనా?”

“కూసోమను. మంచి చాయ్ కోసం ఆ మాత్రం కూసోరా?”

బుచ్చయ్య తలపాగా తీసి నేలకేసి కొట్టి, మళ్లీ దులిపి కట్టుకుని, తిట్టుకుంటూ పోయేవాడు. అయినా మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఎందుకంటే భిక్షపతి ఒకసారి ‘ఎండినయి’ అని ఇచ్చాడంటే ఆ కట్టె అగ్గిపుల్ల చూస్తేనే అంటుకునేది. అటువంటి రోజులు ఏడాదిలో తక్కువేం కావు. కాకపోతే బుచ్చయ్యకు అవసరమైన రోజూ, భిక్షపతికి కుదిరిన రోజూ ఎప్పుడూ ఒకటి కాలేదు.

ఈ మనిషితో కాపురం చేసింది దుర్గవ్వ. ఆమెకు భర్త మీద ఉన్న ఫిర్యాదులన్నీ చప్పుళ్లకు సంబంధించినవే. అతను కట్టెలతో ఆగితే బాగుండేది. కాని చేతికి అందిన ప్రతిదాన్నీ కొట్టి చూడటం అతనికి ఒంటబట్టిపోయింది. సంతలో గుమ్మడికాయ కొట్టేవాడు, కుండ కొట్టేవాడు, ఇటుక కొట్టేవాడు. ఎవరి ఇంటికైనా పోతే కూర్చోకముందే దర్వాజ మీద వేలి ముడితో ఠక్కుమనిపించేవాడు. లోపలివాళ్లు ఎవరో వచ్చారని తలుపు తీసేవాళ్లు. తలుపు అప్పటికే తెరిచి ఉండేది.

బిడ్డ పద్మమ్మకు సంబంధం చూడటానికి చింతమడక పోయినప్పుడైతే దుర్గవ్వకు గుండె ఆగినంత పనైంది. పిల్లవాడి ఇంట్లో మర్యాదగా కొత్త మంచం వేసి కూర్చోబెట్టారు. భిక్షపతి కూర్చున్నాడు. చేయి దానంతట అదే కిందికి పోయింది. మంచం కోడు మీద కొట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

“పచ్చి కట్టెతోని చేయించిన్రు,” అన్నాడు.

పిల్లవాడి తండ్రి ముఖం మాడిపోయింది. “మేము పిల్లనడిగినం గని మంచం అమ్మజూపలే బావా,” అన్నాడు.

“అమ్మజూపినా నేను కొనకపోదును,” అన్నాడు భిక్షపతి, తప్పు సర్దుతున్నానని అనుకుని.

ఇక లేచి పోవడమే అని దుర్గవ్వ కొంగు సర్దుకుంటూ ఉండగా లోపలి నుంచి ఎవరో పకపకా నవ్వారు. పెళ్లికొడుకే. ఆ నవ్వుకు తండ్రి కూడా నవ్వాడు, అందరూ నవ్వారు, సంబంధం కుదిరింది. ఎందుకు నవ్వుతున్నారో భిక్షపతికి మాత్రం అర్థం కాలేదు. తిరుగుదారిలో, “మంచి మనుషులే, మంచం సంగతే తెల్వదు,” అన్నాడు.

దుర్గవ్వకు అన్నిటికన్నా పెద్ద బాధ ఇంకొకటి. ఊరందరికీ ఎండుకట్టెల గురించి పాఠం చెప్పే మనిషి ఇంట్లో, పొయ్యిలోకి వచ్చేవి మాత్రం ఎవరికీ అమ్మడానికి మనసొప్పని పచ్చి కట్టెలే. ఊదుగొట్టం పట్టుకుని ఊది ఊది ఆమె కళ్లు చింతనిప్పులయ్యేవి. పక్కింటి చంద్రవ్వ గోడ మీది నుంచి తొంగిచూసి అడిగేది.

“ఏమైందే దుర్గవ్వా, ఏడ్చినవా?”

“ఏడ్వలేదే. వండిన.”

అడితి వెనక ఒక రేకుల కొట్టం ఉండేది. దానికి తాళం, తాళంచెవి భిక్షపతి మొలతాడుకు. శివరాత్రి దాటగానే మిరుదొడ్డి, రాయపోల్ దిక్కు నుంచి కట్టెల బండ్లు వచ్చేవి. భిక్షపతి ప్రతి బండి దగ్గరా చెవి పెట్టి, అందులో తుమ్మ, చండ్ర ఏరి, చీల్చి, గాలి ఆడేలా పేర్చేవాడు. రోహిణి కార్తె ఎండకు మనుషులు నీడకు పరుగెత్తుతుంటే ఇతను కట్టెలను ఎండలోకి తిప్పి తిప్పి వేసేవాడు. “మనం ఎండితే పోతం, ఇవి ఎండితే పనికొస్తయి,” అనేవాడు. మృగశిర రాకముందే, బాగా టంగుమన్నవి కొట్టంలోకి చేరేవి. తాళం పడేది. ఆ తర్వాత ఆ కొట్టంలో కట్టెల గురించి ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట.

“అవి అమ్మేటియి కావు. బాలింతకు దాసిన.”

అవి యుద్ధపు రోజులు. గాసునూనె చీటీ మీద చిన్న సీసాడు దొరికితే పండుగ. పెట్రోలు దొరకక బస్సులు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని, దగ్గుకుంటూ, మూలుగుకుంటూ నడిచేవి. ఎండాకాలం చివర ఒక బస్సు ఏజెంటు భిక్షపతిని వెతుక్కుంటూ వచ్చాడు. టోపీ, చేతిలో కర్ర, మాటలో తొందర.

“ఆ కొట్టంల కట్టె మొత్తం నాకియ్యి భిక్షపతీ. బొగ్గు కాల్పించుకుంట. నువ్వన్న ధరనే.”

“అవి బాలింతకు దాసిన.”

“అరే, బస్సుల బాలింతలు ఎక్కరా ఏంది?”

“నడుముకు బట్ట కట్టుకోని ఇంట్ల పండుకునేది బాలింత. బస్సెక్కెటామె బాలింతెట్లయితది?”

ఏజెంటు కర్రతో కొట్టం గోడ మీద కొట్టి చిరాకుగా వెళ్లిపోయాడు. ఆ చప్పుడు కూడా భిక్షపతి శ్రద్ధగా విన్నాడు.

లోపల కూరగాయలు తరుగుతున్న దుర్గవ్వ ఇదంతా విన్నది. ఏటా చెవిన పడే మాటే అయినా, ఈసారి ఆమె చేతిలో కూరగాయ కత్తిపీట మీదే ఆగిపోయింది. అప్పటికి పద్మమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలి కానుపు పుట్టింట్లోనే కాబట్టి ఆషాఢం రాకముందే తీసుకొచ్చుకున్నారు. ‘బాలింతకు’ అంటే ఇంకెవరు, తన బిడ్డే కదా! ధర ఎంతన్నా ఇస్తానన్నా వద్దన్నాడంటే, ఈ మనిషికి బిడ్డ మీద ఎంత ప్రాణం! ఇన్నేళ్లూ తను మింగిన పొగంతా ఆ క్షణాన చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే గోడ దగ్గర చంద్రవ్వతో చెప్పింది. “మా ఆయన మాట కరుకు గని మనసు ఎన్నపూస. బిడ్డ కోసమని కొట్టం నిండ కట్టెలు దాసిండు.”

“అయితే మీ పద్మకు ముసుర్ల కానుపైనా బుగులు లేదు,” అన్నది చంద్రవ్వ.

“బుగులెందుకు? కొట్టమున్నది!”

ముసురు ఆ ఏడు మామూలుగా రాలేదు. పుష్యమి కార్తెలో పట్టుకుంది, వదలనంది. ఆకాశం నేలకు ఆనుకుని కూర్చున్నట్టు ఉండేది. అడితిలో బయట పేర్చిన కట్టెలు గోనెల కింద కూడా నానిపోయాయి. ఊరంతా ప్రతి ఇంటి కప్పులోంచీ మంట లేని పొగ. ఎవరు ఎవరితో మాట్లాడినా మధ్యలో దగ్గు. బుచ్చయ్య హోటల్లో చాయ్ తాగినవాళ్లు, “ఇదేందే, చాయ్‌ల పొగేసినవా, పొగల చాయ్ పోసినవా?” అని అడిగేవాళ్లు.

భిక్షపతి మాత్రం మధ్యాహ్నాలు తోపుడుబండి మీద గొంగడి కప్పుకుని ఎటో పోయి వచ్చేవాడు. బయటి కట్టెలే ఎవరికో ఇస్తున్నాడని దుర్గవ్వ అనుకుంది. మంత్రసాని కొమురవ్వ ఒకటి రెండు సార్లు వచ్చి అతనితో చెవిలో ఏదో చెప్పి పోయింది. బిడ్డ కానుపు సంగతేనని దుర్గవ్వ మురిసిపోయింది. కానుపు మాటలు మగవాడితో ఎందుకు, తల్లితో చెప్పాలి గానీ అని మాత్రం ఆమెకు తట్టలేదు.

ఒక రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక భిక్షపతి గొంగడి కప్పుకుని బయటికి పోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో పద్మమ్మ గోడ పట్టుకుని, “అవ్వా!” అన్నది. ఆ పిలుపుతోనే దుర్గవ్వకు సంగతి తెలిసిపోయింది. చంద్రవ్వ కొంగు నెత్తిన కప్పుకుని కొమురవ్వ కోసం వానలో పరుగెత్తింది.

కొమురవ్వ వచ్చి పిల్లను చూసింది, గదిని చూసింది. గోడలు చెమ్మ పట్టి చల్లగా ఉన్నాయి. “గదిల కుంపటి వెట్టాలె. కాగుల నీళ్లు మసలాలె. జల్ది,” అన్నది.

దుర్గవ్వ పొయ్యిలో కట్టెలు పెట్టి ఊదింది. పొగ. ఇంకాస్త ఊదింది. ఇంకాస్త పొగ. పొగ వంటింటి నుంచి గదిలోకి పోయి, నొప్పులు పడుతున్న పద్మమ్మ దగ్గడం మొదలుపెట్టింది. నొప్పికి అరవాలో, పొగకు దగ్గాలో ఆ పిల్లకు తెలియలేదు.

“ఓ దుర్గవ్వా!” అని కొమురవ్వ కేకేసింది. “పొగవెట్టి ఎలకలను ఎళ్లగొడ్తున్నవా, బిడ్డతోని కానుపు చేయిస్తున్నవా?”

“ఆగు కొమురవ్వా, కొట్టం తీస్త!” అన్నది దుర్గవ్వ గర్వంగా. తాళంచెవి భర్త మొలతాడుకు ఉన్నదన్న సంగతి రోకలి చేతికి వచ్చాక గుర్తొచ్చింది. అయినా ఆగలేదు. వానలోనే పోయి రోకలితో కొడితే తాళం ఊడి కింద పడింది. తలుపు తోసింది.

కొట్టం ఖాళీ.

ఒక్క కట్టె లేదు. నేల ఊడ్చినంత నున్నగా ఉంది. మూలన కాసిని ఎండు బెరడు ముక్కలు, వాటి మీద చంద్రవ్వ వాళ్ల పిల్లి, దాని పొట్ట దగ్గర కళ్లు తెరవని పిల్లలు. పిల్లి తలెత్తి, తలుపు వెయ్యి, చలి వస్తోంది అన్నట్టు చూసింది. భిక్షపతి అన్న మాట నిజమే, కొట్టం బాలింతకే దాచి ఉంది.

దుర్గవ్వ ఎన్నాళ్లుగా ఈ కొట్టాన్ని చూసుకుని ధైర్యంగా ఉంది! ముసురు చూసి ఊరంతా భయపడితే తను భయపడలేదు. ఇప్పుడు బిడ్డ లోపల నొప్పులు పడుతోంది, పొయ్యిలో నిప్పు లేదు, ఈ మనిషి పత్తా లేడు. రోకలి పట్టుకునే వాకిట్లోకి వచ్చి, “కొమురవ్వా, మా కట్టెలు ఎవరో ఎత్తుకపోయిన్రే!” అని ఏడ్చేసింది.

కొమురవ్వ గదిలోంచి తొంగిచూసింది. “ఏ కట్టెలు?”

“కొట్టంల కట్టెలు! నా బిడ్డకని దాసినవి!”

“నీ బిడ్డకని ఎవరు జెప్పిన్రు?”

“ఆయనే జెప్పిండు. బాలింతకు దాసిన అన్నడు.”

“బాలింతకన్నడు. ఏ బాలింతకని నువ్వడిగినవా?”

నిజమే, అడగలేదు.

“అయ్యో పిచ్చిదానా!” అన్నది కొమురవ్వ. “ముసురు వట్టినకాడ్నుంచి నేను బొడ్డు కోసిన ఇంటికల్లా మీ ఆయన బండి వచ్చింది. ఎవరికి నొప్పులొస్తే వాళ్లు నన్ను పిలుస్తరు, నేను మీ ఆయనకు జెప్త. వొస్తడు, కట్టెలు వాకిట్లేస్తడు, వద్దన్నా ఇనడు, లోపటికి రాడు, పోతడు. ఎవ్వరికన్న పైసలడిగిండా అంటే అదీ లేదు. మొన్న మాదిగవాడల ఇశ్రాయేలు ఇంటామెకు కాన్పైతే, ఆఖరి మోపు గూడ ఆమెకే వేసొచ్చిండు.”

“మరి నా బిడ్డకు?”

“నీ బిడ్డకు ఇంక టైమున్నదని నేనే జెప్పిన. అంతల వాన ఎలుస్తది, ఎండ వొస్తది అనుకున్నం. పిల్ల ఆగలే. నేనేం జేతు?”

“గిదంత ఎందుకు వెట్టుకున్నడే ఆయన?”

కొమురవ్వ గొంతు తగ్గించింది. “పద్మ పుట్టిన దినం యాదిలేదా నీకు? అది గూడ ముసురే. కట్టెలన్నీ పచ్చియే. ఎంత ఊదినా నీళ్లు కాగలే. నువ్వు లోపట చలికి వణుక్కుంట, పొగకు దగ్గుకుంట ఉన్నవు. నేను నీళ్లకని బయటికొచ్చినప్పుడల్లా చూసిన, గోడకానుకోని మీ ఆయన కూసోని ఉండె. నువ్వు దగ్గినప్పుడల్లా లేస్తుండె, మల్ల కూసుంటుండె. ఆ ఏడే ఎడ్లబండి తోలుడు ఇడిసిపెట్టి అడితి వెట్టిండు.”

దుర్గవ్వకు ఆ రోజు చలి గుర్తుంది, దగ్గు గుర్తుంది. గోడవతల ఒక మనిషి లేస్తూ కూర్చుంటూ ఉన్నాడన్నది మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే భిక్షపతి వచ్చాడు. గొంగడి నీళ్లు కారుతోంది. చేతులు ఖాళీ. ఊరంతా తిరిగి, ఎండిన కట్టె ఒక్కటన్నా దొరుకుతుందేమోనని అడిగి అడిగి వచ్చాడు. ఏ అడితిలోనూ టంగుమన్నది లేదు. ఊడిన తాళం చూశాడు, భార్య చేతిలో రోకలి చూశాడు, గదిలోంచి బిడ్డ మూలుగు విన్నాడు. సంగతంతా అర్థమై, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“పద్మ అవ్వా,” అన్నాడు భార్యను, ఎప్పటిలా బిడ్డ పేరుతో పిలిచి. “వాన ఎలుస్తదనుకున్న.”

తిట్టడానికి దుర్గవ్వ దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టి, “నన్ను తర్వాత జూడు, ముందుగాల నిప్పు జూడు!” అన్నది.

భిక్షపతి ఇల్లంతా ఒకసారి చూశాడు. మరుక్షణం అతని వేళ్లకు ప్రాణం వచ్చింది. తలుపు మీద కొట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

“తలుపు ముట్టుకున్నవంటే సూడు!” అన్నది దుర్గవ్వ. “పిల్ల పుట్టేటాల్లకు ఇంటికి తలుపుండాలె!”

ఉట్టి కర్ర కొట్టాడు. “ఉట్టి నాది!” దూలం వైపు చూశాడు. “ఇల్లు మీద వడ్తది!” ఆమె చేతిలోని రోకలి వైపు చూశాడు. ఆమె రోకలి ఎత్తి చూపించింది. అది కొట్టి చూడవలసిన అవసరం లేదని అతనికి తెలిసిపోయింది.

చివరికి తన మంచం దగ్గర ఆగాడు. అది అతని తాతల నాటి మంచం. ఎండిపోయి, నల్లబడి, ఇనుములా ఉండేది. దాని మీద ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు. కోడు మీద వేలి ముడితో కొట్టాడు. ఊరంతా తిరిగినా వినబడని చప్పుడు అక్కడ వినబడింది.

“టంగు!”

“మీ తాత మంచమయ్యా!” అన్నది దుర్గవ్వ, ఈసారి ఆమెకే మనసొప్పక.

“మా తాత దీని మీదనే సచ్చిండు. మునిమనుమరాలి బిడ్డ దీనితోనే పుడ్తే తాతకేమన్న కష్టమా?” అని గొడ్డలి తీశాడు.

నులక ఊడింది, పట్టెలు విరిగాయి, కోళ్లు చీలాయి. పొయ్యిలో పెట్టి నిప్పు చూపగానే మంట బుగ్గుమని లేచింది. పొగ అన్నది లేదు. చిటపటమని పాట పాడినట్టు మండుతుంటే, కాగులో నీళ్లు సన్నగా మొదలై, బుడబుడలాడి, మసిలాయి. కొమురవ్వ కుంపటి నిండా ఎర్రటి నిప్పులు ఎత్తుకుపోయింది. గది వెచ్చబడింది. పద్మమ్మ దగ్గు ఆగింది. ఇంక నొప్పుల మీదే మనసు పెట్టగలిగింది.

దీపం వేళకు ఆడపిల్ల పుట్టింది.

బయట గోడకు ఆనుకుని కూర్చున్న భిక్షపతి, లోపలి నుంచి ఏడుపు వినగానే లేచాడు. లేచి, అలవాటుగా చెవి గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఆ ఏడుపు విన్నాక ముఖం వెలిగిపోయింది.

“ఇన్నవా చంద్రవ్వా? ఎట్ల టంగుమంటున్నదో!”

“సిగ్గులేదా నీకు? బంగారమసొంటి మనుమరాలిని కట్టెతోని పోలుస్తవా?” అన్నది చంద్రవ్వ. అని, ఆగలేక తను కూడా నవ్వింది.

తెల్లారింది. వాన మాత్రం ఆగలేదు. మంచం మాత్రం అయిపోయింది. బాలింతకు వేడినీళ్ల స్నానం చేయించాలి, బిడ్డకు పోయాలి, ఇవాళ ఒక్కరోజుతో తీరేది కాదు. దుర్గవ్వ బూడిదను చూసి నిట్టూర్చింది. భిక్షపతి మళ్లీ ఇంటి వస్తువుల వైపు చూడటం మొదలుపెట్టాడు.

“కూసో!” అన్నది ఆమె. “ఇంట్ల గోడలన్న ఉండనీ!”

అప్పుడే వాకిట్లో ఎవరో దగ్గారు. మర్యాదగా, పిలవడానికి దగ్గే దగ్గు. చూస్తే ఇశ్రాయేలు. గోనెసంచి నెత్తిన వేసుకుని, రెండు చేతులా మూత పెట్టిన కుండ పట్టుకుని నిలబడ్డాడు. మూత పక్క నుంచి ఆవిరి వస్తోంది.

“మా ఇంటామె పంపింది దుర్గవ్వా. పిల్లకు పోయమన్నది. మీరిచ్చిన కట్టెలల్ల ఇంకిన్ని మిగిలినయి.”

“కట్టెలే తెస్తే అయిపోతుండె గద ఇశ్రాయేలూ, ఇంత బరువు మోసుకొచ్చినవు!”

ఇశ్రాయేలు భిక్షపతి వైపు ఓరగా చూశాడు. “తెద్దామనుకున్న. తొవ్వల వానకు నానినంక, ఇగో ఈ పెద్దమనిషి కొట్టి చూసి, పచ్చిగున్నయి, దసరకు రా అంటడని, నీళ్లే కాగబెట్టి తెచ్చిన.”

దుర్గవ్వ పగలబడి నవ్వింది. ముసురు పట్టిన తర్వాత ఆ ఇంట్లో అంత పెద్ద నవ్వు అదే మొదటిది. లోపల పద్మమ్మ, “నవ్వియ్యకుండ్రి, కడుపు నొస్తున్నది,” అని తనూ నవ్వింది.

కొట్టం ఖాళీ సంగతి, మంచం సంగతి చంద్రవ్వ రాత్రికి రాత్రే ఎన్ని ఇళ్లలో చెప్పిందో గానీ, ఇశ్రాయేలు కుండ దించేలోగా ఇంకొక ఆవిడ వచ్చింది, చంకలో పసిబిడ్డ, నెత్తిన బిందె. ఆమె వెనక ఈమధ్యే కోడలికి కానుపైన ఒక ముసలవ్వ, చేతిలో మూత వేసిన గిన్నె. దుర్గవ్వ ఎన్నడూ చూడని ముఖాలు, ఎన్నడూ పోని వాడల వాళ్లు. వాళ్లందరికీ మాత్రం ఈ ఇల్లు ఎక్కడో అడగకుండానే తెలిసింది. పొగ రాని ఒక్కో ఇంటి నుంచి ఒక్కో పాత్ర. అందరి కన్నా వెనక బుచ్చయ్య, హోటల్లో చాయ్ కాచే పెద్ద డేగిసా ఇద్దరితో మోయించుకుంటూ వచ్చాడు.

“బుచ్చయ్యా! నీ తాన కట్టెలెక్కడివి?” అని భిక్షపతి ఆశ్చర్యపోయాడు.

“హోటల్ బల్ల కొట్టిన. నువ్వు మంచం కొట్టినవంటే నేను ఊకుంటనా?” అన్నాడు బుచ్చయ్య రోషంగా. “దుర్గక్కా, నీళ్లే, చాయ్ గాదు. ఎంత తోమినా డేగిసకు జెర్రంత చాయ్ వాసన మాత్రం పోలే. పిల్ల ఏమనుకోవద్దు.”

కొమురవ్వ చేటలాంటి చేతులతో పద్మమ్మకు నీళ్లు పోసింది, పసిపిల్లకు పోసింది. పిల్ల ఎర్రగా, వెచ్చగా, కొంచెం చాయ్ వాసన వేస్తూ తల్లి పక్కన నిద్రపోయింది. అందరూ చూసి, మెటికలు విరిచి, దీవించి, చూరు కింద కూర్చున్నారు. ఇంకా ఎన్నో పాత్రల్లో నీళ్లు పొగలు కక్కుతూనే ఉన్నాయి.

దుర్గవ్వ వాకిట్లో భర్త వైపు చూసింది. ఊరంతా తనను మొదటిసారి చూస్తున్నట్టు అతను ఒక మూల ఒదిగి నిలబడ్డాడు. నిన్న తడిసిన బట్ట ఇంకా ఒంటి మీదనే ఆరుతోంది. రాత్రంతా నేల మీద పడుకోవడంతో చలికి పెదవులు నల్లబడ్డాయి. ఆమె చూరు కిందికి పీట లాగి వేసింది.

“కూసో.”

“ఎందుకే?”

“కూసోమంటున్న గద!”

అతను కూర్చున్నాడు. ఆమె చెంబు ముంచి, వేడి నీళ్లు నెత్తి మీద నుంచి పోసింది.

“అబ్బబ్బ! ఉడుకున్నయే!”

“ఉడుకే ఉంటయి. ఊర్ల బాలింతలందరికీ నీళ్లు కాగబెట్టినవు. నీకెవ్వరన్న పోసిన్రా?” అని ఇంకో చెంబు పోసింది. “ముందుగాల నాకు చెప్పరాదా? నేను గూడ బండి తోస్తుంటి.”

“చెప్తే మన పొయ్యిలకు గూడ ఎండుకట్టెలు కావాలంటవని.”

“అంటుంటినే!” అన్నది ఆమె, మూడో చెంబు ముంచుతూ. గొంతులో కోపం వెతుక్కుంది, దొరకలేదు.

కొమురవ్వ చూరు కింద నుంచి అరిచింది. “దుర్గవ్వా, బాలింతకు ఒంటికి పసుపు గూడ రాయాలె! తెమ్మంటవా?”

“తే!” అన్నది దుర్గవ్వ.

భిక్షపతి గబుక్కున లేవబోయాడు. వాకిలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. బుచ్చయ్య ఒక భుజం, ఇశ్రాయేలు ఒక భుజం పట్టి మళ్లీ పీట మీద కూర్చోబెట్టారు. చూరు ముందు వాన పడుతూనే ఉంది. అతని తల మీది నుంచి, భుజాల మీది నుంచి వెచ్చటి ఆవిరి లేస్తోంది. కాసేపు మొహమాటపడ్డాడు, కాసేపు గింజుకున్నాడు, తర్వాత ఏదీ చేయక, కళ్లు మూసుకుని, “ఇంకో చెంబు పొయ్యే,” అన్నాడు.